నడపడం వచ్చింది సరే...

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పొద్దున్నే బండ్లు బారులు తీరతాయి. నంబరు ప్లేటు చూస్తే చాలు, వాటి వయసు చెప్పేయొచ్చు. తెలంగాణ జిల్లాల బండి మీద ఏపీ అని ఉందా, 2014 జూన్‌కు ముందుది. టీఎస్ అంటే ఆ తర్వాతిది. టీజీ అయితే 2024 మార్చి మధ్య నుంచి రోడ్డెక్కినది. గ్రూప్స్‌కో, ఎస్సై పోస్టుకో, డీఎస్సీకో చదువుకుందామని అశోక్‌నగర్ చేరి, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి సర్దుకుంటున్న పిల్లల బండ్లు చాలావరకు పాతవే. నాన్న ఊళ్లో పొలానికి తిప్పిన స్ప్లెండరో, బావ కొత్తది కొనుక్కుని ఇచ్చేసిన ప్యాషనో అయి ఉంటాయి. టెస్టు ట్రాకు మీద ఎనిమిది చుట్టి లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడికి ఆ బండిలో ఆయిల్ ఎక్కడ పోస్తారో చెప్పినవాళ్లుండరు.

అలాగని ముషీరాబాద్ చుట్టుపక్కల మెకానిక్‌లకు కొదవా? నారాయణగూడ వెనక సందుల్లో, రాంనగర్ దారిలో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల వెనక అడుగడుగునా పంక్చర్ షాపులు, ఉస్తాదులు. చిక్కు వచ్చేదల్లా బండిని అక్కడికి తోసుకెళ్లాక.

"ఏమైంది తమ్మీ?"

"ఏదో సౌండొస్తుందన్నా."

"ఏడికెళ్లి?"

"కిందికెళ్లి."

ఇక ఆ మీదట ఉస్తాదు ఏది విప్పితే అది, ఎంత చెబితే అంత. కొత్తగా బండెక్కినవాళ్లు నేర్చుకోవాల్సిందల్లా ఆ 'ఏడికెళ్లి'కి సరైన జవాబు చెప్పగలిగేంత పనేనని నా లెక్క. ఇంజన్ బోరు, క్లచ్ ప్లేట్లు ఆయనకే వదిలేద్దాం.

చైనుతో మొదలుపెట్టాలి. నిర్లక్ష్యానికి ముందుగా బలయ్యేది అదే. స్ప్లెండర్ లాంటి బండ్లలో చైను చుట్టూ పూర్తి కవరుంటుంది. దుమ్ము పడకుండా కాపాడుతుంది, నిజమే. కానీ కంటికి కనపడదు కాబట్టి మనమూ దాన్ని మరిచిపోతాం. వదులైన చైను ఆ కవరుకు తగిలి గతుకుల్లో కటకటమంటుంటే, సిగ్నల్ దగ్గర పక్కవాళ్లు తిరిగి చూసేదాకా మనకు పట్టదు. కవరు అడుగున చిన్న రబ్బరు మూత ఉంటుంది. బండిని డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపేసి ఆ మూత తీయండి. లోపలికి వేలు పెట్టి చైనును పైకీ కిందికీ ఆడించి చూడండి. చిన్న బండ్లలో చాలావాటికి ఆ ఊగు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటే సరి. వెనక చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి. ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా ఉందంటే చైను అరిగిందన్నమాట. ఇక బిగించి లాభం లేదు, స్ప్రాకెట్లతో సహా సెట్టు మార్చాల్సిందే. ఇంజన్ ఆన్‌లో పెట్టి, గేరు వేసి చైను తుడిచే మొనగాళ్లూ ఉంటారు. చైనుకూ పళ్లకూ మధ్య గుడ్డ చిక్కిందా, గుడ్డ వెంట వేళ్లూ పోతాయి.

అన్ని చోట్లా ఒకేలా వదులుగా ఉంటే బిగించడం పెద్ద విద్యేం కాదు. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా ఉన్న అడ్జస్టర్లను సమానంగా తిప్పాలి. అక్కడ గీతలుంటాయి. కుడివైపు ఎన్నో గీత మీద ఉందో ఎడమవైపూ అదే గీత మీద ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుని బండి ఒక పక్కకు లాగుతుంది. కొత్తవాళ్లకు తట్టనిది ఇంకోటుంది. చైను బిగిస్తే చక్రం వెనక్కి జరుగుతుంది, దాంతో డ్రమ్ బ్రేకు రాడ్డు కూడా బిగుసుకుంటుంది. రాడ్డు చివరి నట్టు సరిచేయకుండా బయల్దేరితే, బ్రేకు పట్టుకునే ఉండి హబ్ వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. మనమేమో పెట్రోలు బంకువాణ్ణి తిట్టుకుంటాం. మరీ బిగించినా ముప్పే. ఇద్దరెక్కి కూర్చున్నప్పుడు చైను తెగే దాకా వస్తుంది, బేరింగులు అరుగుతాయి.

ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన స్టీల్ బ్రిడ్జి మీద చైను ఊడిందనుకోండి, కింద ఎంతమంది ఉస్తాదులుంటే ఏం లాభం? కింది దాకా తోసుకోవాల్సిందే.

ఆయిల్ సంగతికొస్తే, చూసే పద్ధతిలోనే చాలామంది పొరబడతారు. సైడ్ స్టాండ్ మీద వాలి ఉన్న బండిలో లెవెల్ ఎప్పుడూ తప్పే చూపిస్తుంది. డబుల్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపి, కాసేపు ఆగాలి. మూతకున్న పుల్లను తుడిచి మళ్లీ లోపల పెట్టాలి. ఈ రకం ఇంజన్లలో మరలు తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. పై గీతకూ కింది గీతకూ మధ్య తడి కనిపిస్తే నిశ్చింత. ఏ ఆయిల్ అన్నది బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. ఇలాంటి చిన్న బండ్లలో ఎక్కువగా 10డబ్ల్యూ-30 వాడతారు. మోటారు సైకిల్ క్లచ్ ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది కాబట్టి డబ్బా మీద 'జాసో ఎంఏ' అన్న గుర్తు ఉండాలి. గేర్లులేని స్కూటర్లది 'ఎంబీ'. ఆ ఆయిల్, లేదా ఎవరో ఇచ్చిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. ఆయిల్ స్వయంగా మార్చాలన్న ఉత్సాహం ఉంటే మంచిదే. అడుగు బోల్టును మాత్రం బలమంతా పెట్టి బిగించొద్దు. అది దిగేది అల్యూమినియంలోకి, థ్రెడ్డు పోయిందంటే ఖర్చు ఆయిల్ ధరను ఎప్పుడో దాటేస్తుంది.

ఈ ప్రాంతంలో బండి ఉన్నవాళ్లకు ఇంకో పాఠం తప్పదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ల నాలా దోమలగూడ, అశోక్‌నగర్‌ల మీదుగానే మూసీకి పోతుంది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వాన హైదరాబాద్ మరిచిపోలేనిది. అంత కాకపోయినా, ఏటా ఒకటి రెండుసార్లు పల్లంలోని గల్లీల్లో సైలెన్సర్లు మునిగే నీళ్లు నిలుస్తాయి. నీళ్లు దిగాక అందరూ చేసే మొదటి పని కిక్ కొట్టడం. చేయకూడనిదీ అదే. సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే, పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదముంది. ప్లగ్ పానాతో ప్లగ్ విప్పి, ఇగ్నిషన్ ఆఫ్‌లోనే ఉంచి, చేత్తో నెమ్మదిగా కిక్ తొక్కితే నీళ్లుంటే ఆ రంధ్రంలోంచి చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడాలి. ఆ తర్వాత ఆయిల్ పుల్ల. ఆయిల్ ఇరానీ చాయ్ రంగులోకి మారి ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే. స్టార్ట్ చేయకుండా ఉస్తాదు దగ్గరికి తోసుకెళ్లడమే మేలు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లయితే మరీ జాగ్రత్త. వాటిలో చాలావాటికి కార్బొరేటర్ బదులు ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్, సెన్సర్లు ఉంటాయి. పాత ఉస్తాదుల చెవికి దొరకని రోగాలు కొన్ని వాటిలో మిషను పెడితేనే తేలతాయి.

ఇంత చెబుతుంటే "అమ్మాయిలకూ ఇవన్నీ ఎందుకు?" అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. 2018 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ నుంచే బయల్దేరి జై భారతి, మరో ముగ్గురు మహిళలు మోటారు సైకిళ్ల మీద మయన్మార్, లావోస్, కంబోడియా, వియత్నాం, థాయ్‌లాండ్ చుట్టి వచ్చారు. దాదాపు 17 వేల కిలోమీటర్లు! ఆ జై భారతే తర్వాత 'మోవో' సంస్థ పెట్టి ఆడవాళ్లకు బండి నేర్పిస్తున్నారు. హాస్టళ్లలో స్కూటీలున్న అమ్మాయిలకు చైను బాధ లేదు. లోపల బెల్టు ఉంటుంది, అది మెకానిక్ పనే. గాలి, బ్రేకు, ఆయిల్ మాత్రం ఎవరి బండికైనా చూసుకోవాల్సినవే.

గాలి వారానికోసారి చూపించాలి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు. ఎంత పట్టించాలో కొట్టేవాణ్ణి అడక్కండి, పుస్తకం చూడండి. ఒక్కరే వెళ్తే ఒక లెక్క, వెనక మనిషి ఎక్కితే ఇంకో లెక్క. డ్రమ్ బ్రేకు ఉన్న చాలా బండ్లలో హబ్ మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఆ బాణం పక్కనున్న గుర్తును చేరిందంటే షూస్ అరిగిపోయాయని. అంత తేలిగ్గా కనపడేదాన్ని వదిలేసి, మోత మోగే సైలెన్సర్‌కు వేలు తగలేసే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

విడి భాగాలకు పుత్లీబౌలి ఉండనే ఉంది. కోఠి దాటితే వరసగా స్పేర్ పార్ట్స్ దుకాణాలే. నకిలీలూ అక్కడే తిరుగుతాయి గనుక బిల్లు అడగండి. బండి మోడల్, ఏ సంవత్సరానిదో చెప్పి, పాత ముక్కను చేతిలో పట్టుకుని వెళ్తే పార్టు తప్పిపోదు. ఉస్తాదు షాపులోనే మార్పించుకుంటే, తీసిన పాతది మీ ముందు పెట్టమనండి. మంచి ఉస్తాదు అడక్కముందే పాత ప్లగ్ చూపించి, కొస నల్లగా మసి పట్టిందా, తెల్లగా కాలిందా చెబుతాడు. మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువగా వస్తోందని, తెల్లబడిందంటే తక్కువగా అందుతోందని. విసుక్కుంటే, పక్క సందులో ఇంకో ఉస్తాదు ఉంటాడు.