నోవా విస్ఫోటనం: ఉద్గార రేఖలు తెలిపే నిర్మాణం

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం మీద రాత్రివేళ ఒక తారాజువ్వ పేలిందనుకోండి. నిప్పురవ్వలు ఎటెటు చెదిరాయో కంటితోనే చూస్తాం. నోవా విషయంలో ఆ వీలు లేదు. తొలి రోజుల్లో అది పెద్ద దూరదర్శినిలో సైతం సాధారణంగా ఒక చుక్కే. మరి చెదిరిన పదార్థం ఆకృతి ఎలా తెలుస్తుంది?

నోవా అంటే ఏమిటి?

శ్వేత కుబ్జ తార తన సహచర తార నుంచి హైడ్రోజన్ వాయువును లాక్కుంటుంది. ఉపరితలంపై పేరుకున్న ఆ పొరలో కేంద్రక సంలీనం అదుపు తప్పగానే పొర ఎగిరిపోతుంది. తార మాత్రం మిగులుతుంది.

రేఖ వెడల్పు

ఎగిరిపోయే వేడి వాయువు నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల వద్ద కాంతిని ఉద్గారిస్తుంది. మనవైపు వచ్చే భాగం కాంతి నీలం వైపు, దూరమయ్యే భాగం కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. ఇదే డాప్లర్ విస్థాపనం. అడ్డంగా పోయే భాగం కాంతి నడుమ ఉంటుంది. అందువల్ల సన్నని రేఖ వెడల్పవుతుంది.

ఉదాహరణ: 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల హైడ్రోజన్ ఆల్ఫా రేఖ ఇరువైపులా 22 ఆంగ్‌స్ట్రామ్‌ల చొప్పున విస్తరించిందనుకుందాం. 22ను 6563తో భాగించి, కాంతి వేగమైన సెకనుకు 3,00,000 కి.మీ.తో గుణిస్తే వాయువు వేగం సెకనుకు సుమారు 1,000 కి.మీ. అని తేలుతుంది.

రేఖ ఆకారం

పలుచని గోళాకార కర్పరం అన్ని దిశలా సమానంగా వ్యాకోచిస్తే రేఖ శిఖరం చదునుగా ఉంటుంది. వ్యాకోచించే వలయాన్ని అంచు వైపు నుంచి చూస్తే రెండు శిఖరాలు, ఎదురుగా చూస్తే ఒకే సన్నని శిఖరం కనిపిస్తాయి. "రెండు శిఖరాలుంటే వలయమే" అని జవాబు పత్రాల్లో చాలామంది రాస్తుంటారు. అది పొరపాటు. వ్యతిరేక దిశల్లో పోయే రెండు ధారలు కూడా రెండు శిఖరాలను ఇవ్వగలవు.

ఒక నిజ ఉదాహరణ

అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు తమిళనాడులోని కవలూరులో వేధశాల నెలకొల్పారు. ఆయన మరణానంతరం, 1985లో ఆర్‌ఎస్ ఓఫియూకి నోవా మళ్ళీ పేలినప్పుడు అక్కడ దాని వర్ణపటాలు తీశారు. ఈ నోవాలో సహచర తార ఒక అరుణ బృహత్తార. అది వెదజల్లిన వాయువును ఢీకొని విస్ఫోటన పదార్థం వేగం తగ్గుతుంది. రోజులు గడిచేకొద్దీ రేఖలు సన్నబడతాయి. అనేక ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుము రేఖలు కూడా కనిపిస్తాయి. ఢీకొన్నచోట వాయువు సుమారు 10 లక్షల కెల్విన్‌లకు వేడెక్కిందనడానికి అవే సాక్ష్యం. 2006 విస్ఫోటనం తర్వాత హబుల్ దూరదర్శిని తీసిన చిత్రాల్లో పదార్థం రెండు వ్యతిరేక దిశల్లో సాగి కనిపించింది. రేఖ నుంచి వేసిన అంచనాను ఇలా వేరే ఆధారంతో సరిచూసుకున్నాకే నిర్ధారణకు రావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై రేఖ ఇరువైపులా 44 ఆంగ్‌స్ట్రామ్‌ల చొప్పున విస్తరిస్తే వాయువు వేగం ఎంత? ఆ ఒక్క సంఖ్యతో ఆకృతిని చెప్పగలమా? కారణం రాయండి.