ఒకే మందు అందఱకు తగునా?

ఒకే వ్యాధి గల యిరువురకు ఒకే మందు నొసగినను ఫలిత మొకటిగా నుండదు. ఒకరికి స్వస్థత గూర్చిన మందు వేరొకరికి హాని చేయవచ్చును. తల్లిదండ్రుల నుండి మనకు సంక్రమించు జన్యువులలోని భేదములు దీనికి ఒక కారణము.

కార్బమజెపీన్ మూర్ఛవ్యాధికి వాడు మంచి మందు. కాని అరుదుగా కొందఱికి దానివలన చర్మము బొబ్బలెక్కి యూడిపోయి ప్రాణాపాయము కలుగును. ఇట్టివారిలో ఒకానొక జన్యురూపము ఉండుటను తైవాను శాస్త్రజ్ఞులు 2004లో కనుగొనిరి. పిదప వారు 4,877 మంది రోగులకు, ఈ మందు నారంభింపక పూర్వమే, రక్తము తీసి జన్యుపరీక్ష చేసిరి. ఆ రూపము గల 372 మందికి దానిని వాడవలదని చెప్పిరి. పూర్వపు లెక్కను బట్టి సుమారు పదిమందికి ఆ యాపద కలుగవలసి యుండగా, ఒక్కరికిని కలుగలేదు. ఈ ఫలితము 2011లో ప్రకటితమైనది.

మందు నెన్నుకొనుటకే గాక, మోతాదును నిర్ణయించుటకును ఈ పరీక్ష తోడ్పడును. రక్తము గడ్డకట్టకుండ నిచ్చు వార్ఫరిన్ కొందఱి శరీరములో మెల్లగా విఱుగును. వారికి తక్కువ మోతాదే చాలును. ఎక్కువైనచో రక్తస్రావము కలుగవచ్చును.

జన్యువులు జీవితాంతము మాఱవు గాన, ఒక్కమారు చేసిన పరీక్ష ఎల్లప్పుడు పనికివచ్చును. విద్యార్థులారా! మీ మిత్రునికి మేలు చేసిన మందు మీకును మేలు చేయునని తలంపరాదు. వైద్యుని యడుగక ఇతరుల మందు నెన్నడును వాడకుడు.