భిలాయి నీడల్లో అడవిపూలు

సోవియట్ సహకారంతో నిర్మాణమై, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారానికి అనుబంధంగా వెలసిన టౌన్‌షిప్‌లో, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతో సహా అనేకుల క్వార్టర్ల ఆవరణల్లో మామిడి, వేప చెట్లు పెద్దవై నీడ పరచగా, ఎండను కోరే గులాబీ, బంతి అక్కడ సరిగా పూయక ఆ నేల తరచు ఖాళీగానే మిగిలిపోతుంది. అయితే ఈ రాష్ట్ర విస్తీర్ణంలో దాదాపు 44 శాతం అటవీ భూమి కావడం, ఆ అడవుల్లో చెట్ల కిందనే పుట్టి పూచే మొక్కలు ఎన్నో ఉండడం గమనిస్తే, పూలతోటకు నీడ అడ్డంకి కాదని, మొక్కల ఎంపికే ప్రధానమని తెలుస్తుంది.

ఐరోపా, ఉత్తర అమెరికా ఆకురాల్చే అడవుల్లో చాలా నేలపూలు వసంతంలో చెట్లు చిగిర్చి నీడ కమ్మేలోపే పూచి ముగిస్తాయి, అంటే అక్కడ పూతకాలాన్ని వెలుతురు నిర్ణయిస్తుంది. మధ్య భారతంలోని ఆకురాల్చే అడవుల్లో, అంటే ఎండాకాలానికి చెట్లు ఆకులు విడిచే అడవుల్లో, ఆ పని వాన చేస్తుంది. ఇక్కడి నేలపూలలో చాలావరకు దుంపగానో కొమ్ముగానో మట్టిలో దాగి, 45 డిగ్రీల దాకా వెళ్లే వేసవిని నిద్రావస్థలో గడిపి, జూన్‌లో తొలకరి పడగానే మొలకెత్తి, శీతకాలానికి ఆకులు పండి మళ్లీ నేలలోకి ఒదిగిపోతాయి.

ఛత్తీస్‌గఢ్‌లో తీఖుర్ అని పిలిచే అడవి పసుపు జాతి మొక్క వానల ఆరంభంలో గులాబీరంగు పూకంకిని పైకి పంపుతుంది, దాని కొమ్ముల నుంచి తీసే పిండి బస్తర్ ప్రాంతంలో ఆహారంగా ప్రసిద్ధం. తాటి మొలకను పోలిన ఆకులుండే నేలతాడి మట్టిని అంటుకొని చిన్న పసుపు నక్షత్రాల్లా పూస్తుంది. స్థానికులు కేవ్‌కంద అనే కోష్టు మెలితిరిగిన కాండంపై, ఎర్రని పొలుసుల గుత్తి నుంచి పలుచని తెల్లపూలు విప్పుతుంది. ఆకుల కొసలతో ఆధారాన్ని చుట్టుకొని పాకే అడవినాభి నీడ అంచున, పాదు చల్లగా, తల వెలుతురులో ఉండేచోట ఎరుపు, పసుపు కలిసిన పూలు పూస్తుంది. దాని దుంపలో కాల్చిసిన్ అనే తీవ్ర విషం ఉన్నందున పిల్లలున్న ఇళ్లలో దాన్ని పెంచకపోవడమే శ్రేయస్కరం. వానలు వెళ్లాక శీతకాలపు పూత కోసం డిసెంబరాలను కలుపుకోవచ్చు.

ఈ ప్రాంతపు నేలల్లో భాటా అనేది నీరు నిలవని, సారం తక్కువైన గులకనేల, కన్హార్ అనేది నీటిని పట్టి ఉంచే బరువైన నల్లనేల. మొదటిదానికి కుళ్లిన ఆకు ఎరువును బాగా కలపాలి, రెండవదానిలో దుంపలు మురగకుండా మడిని ఎత్తుగా కట్టాలి. చెట్టు వేళ్లు తెగేలా లోతుగా తవ్వకుండా, మొదలు చుట్టూ మట్టి పోగుచేయకుండా, వేళ్ల మధ్య దొరికిన ఖాళీల్లో మే నెలాఖరున దుంపలు నాటి, పైన రాలిన ఆకులను పొరగా పరిస్తే అడవి నేలలోని తేమ, చల్లదనం చాలావరకు సమకూరుతాయి. ఆకులు పండడం మొదలవగానే నీరు తగ్గించి పూర్తిగా ఆపాలి, ఎందుకంటే నిద్రలో ఉన్న దుంపకు అలవాటుగా పోసే నీరే కుళ్లు తెస్తుంది. మొక్క కనుమరుగైతే చచ్చిందని తవ్వేయకుండా, నాటినచోట గుర్తు ఉంచి మరుసటి తొలకరి దాకా వేచి చూడాలి.

ఔషధాలకై విచ్చలవిడిగా తవ్వడంతో ముస్లీ వంటి దుంపమొక్కలు అడవుల్లో తరిగిపోయినందున, ఈ తోటలకు మొక్కలను అడవి నుంచి పెకలించి తేకుండా, పెంచి అమ్మే నర్సరీల నుంచి మాత్రమే తీసుకోవాలి. రాలిన ఆకులను తగలబెట్టడం మాని చెట్టు కిందనే ఉంచే ప్రతి ఇల్లూ ఈ పూలకు తొలి సాయం చేసినట్టే.