మూత్రంలో మంటకు 'వేడి' ఒక్కటే కారణం కాదు

ఎండాకాలంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఎవరైనా మూత్రంలో మంట అంటే చాలు, "వేడి చేసిండాదిలే అక్కా, సబ్జా నీళ్లు తాగు" అంటారు. తాగడం మంచిదే. నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడినా మండుతుంది, రెండు చెంబులు తాగితే సర్దుకుంటుంది. రెండు రోజులైనా తగ్గని మంటను మాత్రం వేడి అని వదిలేయకూడదు.

అది మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు. మన పేగుల్లోనే ఉండే ఇ.కోలై అనే సూక్ష్మజీవి మూత్రనాళంలోకి పాకితే వస్తుంది. ఆడవాళ్లకు ఆ నాళం 4 సెంటీమీటర్లే కాబట్టి వాళ్లకే ఎక్కువ. వేరుశెనగ చేలో కలుపు తీసే అక్క, బట్టల అంగట్లో పొద్దంతా నిలబడే అమ్మాయి, మరుగు లేదని నీళ్లు మానేసి సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు, దాంతో ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. మరుగుదొడ్డి కట్టించని యజమానులదే ఆ తప్పు. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి వస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందేమోనని వెంటనే ఆసుపత్రికి పోవాలి. గర్భిణులు మంట మొదలైన రోజే పోవాలి.

లేదా అది సుఖవ్యాధి కావచ్చు. సెగరోగంలో (గనేరియా) మగవాళ్లకు చీము కారుతుంది. క్లమిడియా సోకిన ఆడవాళ్లలో చాలామందికి పైకి ఏమీ తెలియదు, లోపల గర్భనాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకుండా పోవచ్చు. సవాయి (సిఫిలిస్) అనే మరో సుఖవ్యాధిలో వచ్చే పుండు నొప్పి పుట్టదు, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. జబ్బు ఒంట్లోనే ఉంటుంది. రక్తపరీక్షలో బయటపడితే పెన్సిలిన్ సూదిమందుతో నయమవుతుంది.

మందుల షాపులో రెండు మాత్రలు మింగి ల్యాబుకు వెళ్తే, మూత్రంలోని క్రిములను పెంచి చూసే కల్చర్‌లో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. అందుకే ముందు మూత్రం, తర్వాతే మాత్ర. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబువాళ్లిచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టి, రెండు గంటల్లోపు అందించాలి. కల్చర్ ఫలితానికి రెండు రోజులు పడుతుంది.

క్లమిడియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్, మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ ప్రయోగశాలలోనే పుట్టి 1948లో లోకానికి తెలిసింది. గర్భిణులకు మాత్రం డాక్సీసైక్లిన్ ఇవ్వరు.

సుఖవ్యాధికి మందు ఒక్కరు వాడితే చాలదు. భార్యకు మాత్రలిచ్చి భర్తను పిలవకపోతే నెల తిరక్కుండానే మళ్లీ అంటుకోవచ్చు. ఇద్దరూ కలిసి వాడాలి, పూర్తిగా తగ్గేదాకా కలయిక మానాలి, హెచ్ఐవీ పరీక్ష కూడా చేయించుకోవాలి. సర్కారు ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఈ మందులు ఉచితం. చెప్పుకోవడానికి సిగ్గనిపిస్తే ముందు 1097కు ఫోన్ చేయండి, పేరు చెప్పక్కర్లేదు.