చీటీ మీద లేని మాట

ప్రదర్శనశాలకు పోయినవారు వస్తువును చూచుటకంటె దాని క్రింది చీటీని చదువుటకే త్వరపడుదురు. పేరు, కాలము, లోహము, దాత - ఈ నాలుగు ముక్కలు తెలిసినచో వస్తువే తెలిసినట్లు తృప్తిపడి ముందుకు సాగుదురు. ఆ చీటీ వ్రాసినవారు ఏమి విడిచిపెట్టిరి? ఈ చిన్న ప్రశ్న ఇటీవలి దశాబ్దములలో కళాప్రదర్శనలను కూర్చు విధమునే మార్చినది.

ఒక వెండి పానపాత్ర కథ వినుడు. అది రోమనులది, క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటిదని బ్రిటిష్ మ్యూజియం నిర్ణయము. దానిపై పురుషుల పరస్పర ప్రణయము చెక్కబడి యున్నది. ఎడ్వర్డ్ వారెన్ అను అమెరికను సేకర్త దానిని 1911లో కొనెను. అందుచే ‘వారెన్ కప్పు’ అని పేరు వచ్చినది. 1928లో ఆయన గతించిన పిదప దానిని తీసికొనుటకు మ్యూజియములు వెనుదీసినవి. 1953లో అమెరికా సుంకపు అధికారులు దానిని దేశములోనికే రానీయలేదు. అదే పాత్రను 1999లో బ్రిటిష్ మ్యూజియం 18 లక్షల పౌండ్లకు కొన్నది. ఈ నడుమ వెండి మారలేదు, బొమ్మ మారలేదు. చూచువారి కన్ను మారినది.

ఈ కొత్త చూపునకు ఇంగ్లీషులో ‘క్వియర్’ అని పేరు. ఆ మాటకు మొదట వింతయైనదని అర్థము. తరువాత అది తిట్టు. ఆ తిట్టు పడినవారే దానిని తమ పేరుగా చేసికొనిరి. 1990 ప్రాంతమున పండితులు దానినొక విచారణ పద్ధతిగా మలచిరి. ఈ పద్ధతి ననుసరించు క్యూరేటరు పాత చీటీని ప్రమాణముగా గైకొనక, సాక్షిని బోనులో నిలిపినట్లు ప్రశ్నించును. ‘అవివాహితుడు’, ‘ఆప్తమిత్రుడు’ అని వ్రాసియున్న చోట ఆగును. ఉత్తరములు కానరానిచో ఎవరు దాచిరో, ఎవరు కాల్చిరో ఆరా తీయును. కోర్టు కాగితములను, స్నేహితుల జ్ఞాపకములను, సందర్శకుల మాటలను గూడ ఆధారములుగా చేర్చును. ఇందు ప్రదర్శన యనునది పరిశోధన ముగిసిన తరువాతి ఉత్సవము కాదు, అదియే పరిశోధన.

లేనిదానిని చూపుట ఎట్లు? దీనికి చక్కని ఉదాహరణము అమెరికాలోని బాల్టిమోరు నగరమున దొరకును. అక్కడి మేరీలాండ్ చరిత్ర సంఘమువారి భాండాగారమును 1992లో ఫ్రెడ్ విల్సన్ అను కళాకారుని చేతి కప్పగించిరి. ఆయన ఉన్నవానినే మరల అమర్చెను. నగిషీ వెండి పాత్రల నడుమ బానిసల ఇనుప సంకెళ్ళనుంచి, ‘లోహపు పని, 1793-1880’ అని మాత్రము చీటీ వ్రాసెను. మూడు ఖాళీ పీఠములు నిలిపి వానిపై ఆ రాష్ట్రమున పుట్టిన ముగ్గురు నీగ్రో మహనీయుల పేర్లు వ్రాయించెను. వారి విగ్రహములు సంఘమువారి యొద్ద లేవు! ఆ ఖాళీ పీఠములే అన్నిటికంటె గట్టిగా మాటలాడినవి. విల్సన్ వెదకినది జాతి చరిత్రను. కాని మౌనమును చదువు విద్య ఒక్కటియే.

లండనులోని టేట్ బ్రిటన్ 2017లో జరిపిన ప్రదర్శన ఈ విద్యనే ప్రణయ చరిత్రకు అన్వయించినది. పురుషుల ప్రణయమునకు మరణశిక్ష రద్దయిన 1861 మొదలు, అది ఇంగ్లండు, వేల్సులలో కొంతమేరకు నేరము కాకుండ పోయిన 1967 వరకు దాని పరిధి. అందు ఆస్కార్ వైల్డ్ యొక్క నిలువెత్తు చిత్తరువునకు తోడుగా, రెడింగు జైలులో ఆయన గది తలుపును నిలిపిరి. తలుపు కళాఖండము కాదు. కాని అది లేనిచో ఆ చిత్తరువు సగము కథయే చెప్పును.

ఇక ఇందలి చిక్కు. మౌనమును తొలగించు తొందరలో మృతులపై మన పేర్లను రుద్దుట న్యాయమా? అదే ప్రదర్శనలో గ్లక్ (1895-1978) అను చిత్రకారుల స్వీయచిత్ర మున్నది. వారు స్త్రీగా పుట్టి, పురుషుల దుస్తులు ధరించి, తమ పేరునకు ముందు వెనుకల ఏ బిరుదును చేర్పవలదని పట్టుపట్టిరి. అట్టివారికి నేటి బిరుదు తగిలించిన యెడల పాత క్యూరేటరు అబద్ధమునకు బదులు కొత్త అబద్ధము వచ్చును. మన ‘వారు’ అను మాట స్త్రీపురుష భేదము చెప్పదు. ఇట్టి చోట అది ఎంత ఆదుకొనునో! మంచి చీటీ ఆ మాటవంటిది: తెలిసినది చెప్పి, తెలియనిదానికి చోటు విడుచును.

మన దేశమున వయోజనుల ఇష్టపూర్వక ప్రణయమును 377వ సెక్షను నుండి సుప్రీంకోర్టు తప్పించినది 2018లో. బరోడా చిత్రకారుడు భూపేన్ ఖక్కర్ అప్పటికి పదునైదేండ్ల క్రిందటనే, 2003లో గతించెను. కాని 1981లోనే ఆయన ఒక పటము వ్రాసెను. తండ్రి, కొడుకు, గాడిద - లోకుల మాట విని అన్నివిధముల నగుబాటైన ఆ పాత కథ వీధిలో నడచుచుండగా, మేడపైనుండి ఒక నగ్న పురుషుడు చూచుచుండును. ‘అందరినీ మెప్పించలేము’ అని దాని పేరునకు అర్థము. 2016లో టేట్ మోడర్న్ ఆయన చిత్రముల ప్రదర్శనకు ఆ పేరే పెట్టినది. చీటీ వ్రాయు ప్రతివారును కలము పట్టుటకు ముందు ఒకసారి ఆ మేడ యెక్కి చూడవలెను.