చావలేదు కదా అంటే చాలునా?

ఆ మధ్య ఒక అమ్మాయి కళ్ళు లాగుతున్నాయని, సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వస్తోందని మా ఆస్పత్రికి వచ్చింది. మేడ్చల్ దగ్గరి పల్లె. ఇరవై నాలుగేళ్ళుంటాయి. బి.ఎస్‌సి. చదివిందట. వెంట వాళ్ళ నాయనమ్మ కూడా ఉంది.

"ఏం పని చేస్తున్నావమ్మా?" అని అడిగాను.

"రోజూ పిల్లల్ని లెక్కపెడతాను సార్" అంది.

అంగన్‌వాడీ కాబోలు అనుకున్నాను. కాదట. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి వైపు, జీనోమ్ వ్యాలీ అని పేరుపడిన ప్రాంతంలో ఒక పరిశోధనశాలలో ఉద్యోగం. అక్కడ గాజు బీకర్లలో డాఫ్నియా అనే నీటిపురుగుల్ని ఉంచుతారు. నీళ్ళలో ఏదో ఒక రసాయనం కొద్ది కొద్దిగా కలుపుతారు. ఒక్కొక్క తల్లి పురుగు ఎన్ని పిల్లల్ని పెట్టిందో ఈమె లెక్కగట్టి పుస్తకంలో రాయాలి. ఇలా ఇరవై ఒక్క రోజులు.

నాయనమ్మ అందుకుంది: "గిదేం కొలువు సారూ! మందు వోస్తే పురుగులు సస్తున్నయా లేదా సూస్తే అయిపాయె. పిల్లల్ని లెక్కవెట్టుడెందుకు?"

నవ్వేసి ఊరుకోవలసిన ప్రశ్న కాదది. "తాగాను, ఏం కాలేదు", "చల్లాను, ఏం కాలేదు" అని మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అనే మాట కూడా ఇదే. అందుకే ఈ వారం ఆ పెద్దావిడ ప్రశ్నకు జవాబు మీకు కూడా చెప్పదలచుకున్నాను.

డాఫ్నియా అంటే ఏమిటి?

నువ్వుగింజంత ఉండే జీవి. రొయ్యకు, పీతకు దూరపు చుట్టం. మంచినీటి చెరువుల్లో, కుంటల్లో గెంతుతున్నట్టు ఈదుతుంది. ఒళ్ళంతా గాజులా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే గుండె కొట్టుకోవడం, వీపు వైపు సంచిలో గుడ్లు, పేగులో పచ్చటి నాచు, అన్నీ కనబడతాయి.

వైద్యులం దీనికి రుణపడి ఉన్నాం. రోగక్రిములను మన ఒంటిలోని కణాలే చుట్టుముట్టి మింగివేస్తాయన్న సంగతిని మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు స్పష్టంగా చూసింది ఈ పురుగులోనే. 1884లో ఆయన ఆ సంగతి ప్రకటించాడు. రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి 1908లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

నీటిపురుగు అనగానే మన ప్రాంతపు పెద్దలకు నారికురుపు గుర్తుకు రావచ్చు. దాన్ని మోసుకొచ్చింది సైక్లాప్స్ అనే వేరే నీటిపురుగు. మంచినీళ్ళు గుడ్డతో వడగట్టి తాగమని ఊరూరా చెప్పి, ఆ జబ్బును తరిమివేశాం. 1996 తరువాత మన దేశంలో ఆ జబ్బు కనబడలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ధ్రువీకరించింది. డాఫ్నియాకు ఆ పాపంతో సంబంధం లేదు. ఇది నాచును తిని నీటిని తేటపరుస్తుంది. తాను చేపపిల్లలకు ఆహారమవుతుంది. ఇది పోతే చెరువు పచ్చబడుతుంది, చేప తగ్గుతుంది.

రెండు రోజుల పరీక్ష

ఏదైనా కొత్త రసాయనం తయారైతే, అది నీళ్ళలో కలిస్తే ఏమవుతుందో ముందుగా చూడాలి. పురుగుమందు కానివ్వండి, రంగు కానివ్వండి, మనం మింగే మాత్రలోని మందు కానివ్వండి. మొదట చేసేది చిన్న పరీక్ష. పుట్టి ఒక రోజు కూడా నిండని డాఫ్నియాలను ఆ రసాయనం కలిపిన నీళ్ళలో 48 గంటలు ఉంచుతారు. బీకరును మెల్లగా కదిపిన తరువాత 15 సెకన్లలో ఈదలేకపోతే అది పడిపోయినట్టే లెక్క. ఎంత మోతాదులో సగం పురుగులు పడిపోయాయో చూస్తారు.

నాయనమ్మ అడిగింది ఈ పరీక్ష గురించే. ఇది అవసరమే. కాని దీనితో తెలిసేది ఒకేగ్గాని ముప్పు మాత్రమే. చాప కింద నీరులా వచ్చే ముప్పు దీనికి చిక్కదు.

ఇరవై ఒక్క రోజుల పరీక్ష

రెండో పరీక్షకు ఓపిక కావాలి. ఇందులో కూడా ఒక రోజు నిండని ఆడపిల్లలనే తీసుకుంటారు. బీకరుకు ఒక్కటి చొప్పున పది. కనీసం అయిదు మోతాదులు పెట్టాలి. మందేమీ కలపని మంచినీళ్ళలో మరో పది. మొత్తం అరవై బీకర్లు. నీటి వేడి 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. తిండికి నాచు. రెండు మూడు రోజులకొకసారి నీళ్ళు మార్చి, మళ్ళీ అదే మోతాదు కలపాలి.

డాఫ్నియాలో ఒక విచిత్రం ఉంది. తిండి, నీరు సరిగ్గా ఉన్నంతకాలం మగతోడు లేకుండానే ఆడవి పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు కూడా ఆడవే, అచ్చం తల్లి పోలికే. అందువల్ల పది బీకర్లలో తేడా వస్తే అది పురుగుల పుట్టుకలోని తేడా కాదు, నీళ్ళలోని తేడా అని తెలుసుకోవడం తేలిక. వారం పది రోజులకు మొదటి కాన్పు. ఆ తరువాత మూడు నాలుగు రోజులకొకటి. పుట్టిన పిల్లల్ని వెంటనే వేరుచేసి లెక్కపెట్టాలి. మా అమ్మాయి కళ్ళు లాగడం ఇక్కడే!

మంచినీళ్ళలో ఉన్న తల్లులు 21 రోజుల్లో సగటున 60 పిల్లలకు తగ్గకుండా పెట్టాలి. తగ్గితే పరీక్ష మొత్తం చెల్లదు. అలాగే ఆ మంచినీళ్ళ తల్లుల్లో నూటికి ఇరవైకి మించి చావకూడదు. ఇది సరిగ్గా ఉన్నప్పుడే పక్క బీకర్లతో పోల్చి చూస్తారు. అక్కడ తల్లులన్నీ బతికే ఉండవచ్చు, గంతులు వేస్తూనే ఉండవచ్చు. కాని పిల్లలు 60 కాక 30 పుడితే? ఆ చెరువులో ఆ జాతికి రోజులు దగ్గర పడ్డట్టే. చచ్చిన పురుగు ఒక్కటీ కనబడకుండానే!

ఒక ఉదాహరణ చెబుతాను. ఐవర్‌మెక్టిన్ మీకు తెలిసిన మందే. గజ్జికి, కడుపులో పురుగులకు ఇస్తాం. పశువులకు పిడుదులు పట్టినా ఇస్తారు. కరోనా రోజుల్లో ఎంతమంది వాడారో లెక్కలేదు. దీనిమీద 2007లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుల పరిశోధన ఒకటి వెలువడింది. లీటరు నీటిలో గ్రాములో వందకోట్లవ వంతుకు ఆరింతలు కూడా లేని మోతాదుకే 48 గంటల్లో సగం డాఫ్నియాలు పడిపోయాయి. 21 రోజుల పరీక్షలో అంతకు వేల రెట్లు తక్కువ మోతాదుకే ఎదుగుదల, సంతానం దెబ్బతిన్నాయి. రెండు రోజుల పరీక్షతో ఆగి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

ఇంకొకటి. పైరిప్రాక్సిఫెన్ అనే మందు దోమ, తెల్లదోమల పిల్లలను ఎదగనివ్వదు. ఇది తగిలిన డాఫ్నియా తల్లి చావదు. ఆడపిల్లల బదులు మగపిల్లల్ని పెట్టడం మొదలుపెడుతుంది!

మన నీళ్ళ సంగతి

ఐరోపా దేశాల్లో ఏడాదికి 100 టన్నులు, అంతకు మించి తయారయ్యే లేదా దిగుమతి అయ్యే రసాయనానికి ఇటువంటి దీర్ఘకాల పరీక్ష వివరాలు అడుగుతారు. 2011 నుంచి, ప్రభుత్వం తనిఖీ చేసి గుర్తించిన మన పరిశోధనశాలల ఫలితాలను ఆ దేశాలు అంగీకరిస్తున్నాయి. శామీర్‌పేట పక్కన పల్లెటూరి పిల్ల లెక్కించిన డాఫ్నియా పిల్లలు ఎక్కడో జర్మనీలోని నదిని కాపాడవచ్చునన్నమాట. గర్వించవలసిన విషయమే.

మరి మన చెరువులో? కర్మాగారాలు వదిలే నీటికి మన దేశంలో పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 కింద సాధారణ ప్రమాణాలున్నాయి. ఆమ్లం ఇంత, లోహాలు ఇంత మించరాదని హద్దులున్నాయి. వాటితోపాటు ప్రాణి పరీక్ష ఒకటుంది. ఆ నీళ్ళలో చేపల్ని 96 గంటలు ఉంచితే నూటికి 90 బతకాలి. అంటే నాలుగు రోజులు. ఇది కూడా "చచ్చాయా, లేదా" అన్న పరీక్షే. చావకుండా చితికిపోయేవి ఈ లెక్కలోకి రావు.

హైదరాబాదుకు మరో పక్కన పటాన్‌చెరులో ఏం జరిగిందో చూడండి. దాదాపు 90 మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసి వదిలే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే దానికన్నా ఎక్కువ! 2009లో అదే నీటితో కప్పపిల్లల మీద పరీక్ష చేశారు. 500 పాళ్ళలో ఒక పాలు మాత్రమే ఆ నీరు కలిపినా వాటి ఎదుగుదల 40 శాతం తగ్గిపోయింది.

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఒకపక్క కర్మాగారాలు, మరోపక్క పరిశోధనశాలలు, మధ్యలో చెరువులు, బోర్లు, కాలనీలు ఉన్నాయి. పరిశోధనశాలలో నీటి వేడి 20 డిగ్రీలు, కలిపే రసాయనం ఒక్కటి. మన కుంటలో ఎండాకాలం నీరు 30 దాటుతుంది, కలిసేవి ఎన్నో. అందుకే పరీక్షలో హాని చేయలేదన్న మోతాదును పదితోనో, వందతోనో, ఒక్కొక్కప్పుడు వెయ్యితోనో భాగించి హద్దు పెడతారు.

మనిషికి ఏం సంబంధం?

డాఫ్నియాకు హాని చేసినదల్లా మనిషికీ చేస్తుందని భయపడకండి. దాని ఒళ్ళు వేరు, మన ఒళ్ళు వేరు. డాక్టరు రాసిన ఐవర్‌మెక్టిన్ మానవలసిన పని లేదు. నేర్చుకోవలసిన పాఠం మాత్రం ఒకటే. ఒకేసారి చంపనిదల్లా మంచిది కాదు.

నేనిదంతా వివరిస్తుంటే నాయనమ్మ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "మా ఆయన అంగూరు తోటల మందు గొట్టేటోడు సారూ. పదిహేనేండ్లు. చేతితోనే కలిపేటోడు. ఏం గాలే అనేటోడు. ఆకరుకు చేతులు వణికేటియి. కల్లు తాగుడుకే అనుకున్నం."

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు ఎన్ని ఉండేవో పాతవారికి తెలుసు. కొన్ని పురుగుమందులతో ఏళ్ళ తరబడి పనిచేసినవారిలో వణుకుడు జబ్బు, అంటే పార్కిన్సన్ వ్యాధి, ఎక్కువగా కనబడుతున్నదని పలు దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. అయినా ఆయన వణుకు దానివల్లనే అని నేను చెప్పలేదు, చెప్పలేను. ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు అని ఎవరూ రాసిపెట్టలేదు. డాఫ్నియాకు ఉన్న పుస్తకం ఆయనకు లేకపోయింది.

ఇంట్లో మనం చేయగలిగినవి

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో గడువు తీరిన సిరప్ సీసాలను నేనే తొట్టిలో ఒంపించేవాణ్ణి. అది ఏ కుంటకు చేరిందో ఆలోచించలేదు. మీరలా చేయకండి.

మందులు అవసరమైనన్నే కొనండి. యాంటీబయాటిక్ డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే ఇంట్లో మిగలవు. మిగిలినవాటిని సింకులో, మరుగుదొడ్లో, బావిలో పారేయకండి. తిరిగి తీసుకునే ఆస్పత్రి గాని, మందుల షాపు గాని ఉందేమో అడగండి. లేకపోతే మట్టిలోనో, వాడేసిన టీపొడిలోనో కలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి చెత్తబండికి ఇవ్వండి. క్యాన్సర్ మందులు, మత్తుతో కూడిన నొప్పి మందులు మిగిలితే ఏం చేయాలో డాక్టరునే అడగండి.

పురుగుమందు డబ్బాలను చెరువులో, బావి దగ్గర కడగకండి. మూడుసార్లు తొలిచి, ఆ నీళ్ళను మందుకొట్టే ట్యాంకులోనే పోసి పొలం మీద కొట్టండి. డబ్బాకు చిల్లు పెట్టండి. దానిలో మంచినీళ్ళు, నూనె పోసుకోవడం ప్రాణాంతకం.

మందు చేతితో కలపకండి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ, ఒంటినిండా బట్ట ఉండాలి. మందు కొట్టాక తలతిరుగుడు, చెమటలు, చూపు మసక, వణుకు వస్తే వెంటనే ఆస్పత్రికి రండి. మందు డబ్బా మీది చీటీ కూడా తెండి. ఏ మందు ఎన్నాళ్ళు కొట్టారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రేపు మీ డాక్టరుకు అది ఎంతో పనికివస్తుంది.

దోమలని చెప్పి కుంటల్లో మీకు తోచిన మందు పోయకండి. ఆ పని మునిసిపాలిటీ సిబ్బందికి వదలండి.

బావినీళ్ళు, బోరునీళ్ళు రంగు మారినా, నురగ వచ్చినా, మందువాసన వేసినా తాగడం, వండడం ఆపండి. కాచితే క్రిములు చస్తాయి గాని రసాయనం పోదు. తేటగా ఉన్నంత మాత్రాన మంచినీరని కూడా అనుకోకండి. పంచాయతీకి గాని, మునిసిపాలిటీకి గాని, కాలుష్య నియంత్రణ మండలికి గాని రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నీటి పరీక్ష చేయించమనండి.

ఆ అమ్మాయికి ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి కాసేపు దూరంగా చూడమని, బీకరు వెనక వెలుతురు సరిచేసుకోమని చెప్పాను. కళ్ళద్దాల పరీక్షకు రాసిచ్చాను. వెళ్ళేముందు నాయనమ్మ మనవరాలి భుజం మీద చెయ్యి వేసి, "మంచిగ లెక్కవెట్టు బిడ్డా, తప్పు రాయకు" అంది.

మీ ఇంట్లో ఎవరైనా "ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా" అంటే, ఈ నువ్వుగింజంత పురుగు సంగతి ఒకసారి చెప్పి చూడండి.