ఎర్లాంగ్ (ప్రోగ్రామింగు భాష)

ఎర్లాంగ్ అనేది ఒకే సమయంలో అనేక పనులు చేసే, అనేక కంప్యూటర్లపై విస్తరించి నడిచే సాఫ్టువేరు కొరకు రూపొందించబడిన ప్రోగ్రామింగు భాష. స్వీడన్ దేశపు ఎరిక్సన్ సంస్థ పరిశోధనశాలలో 1986లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ దీనిని ప్రారంభించాడు. రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ అతనితో కలిసి తీర్చిదిద్దారు. టెలిఫోను రద్దీని లెక్కించే సూత్రాలు కనుగొన్న డెన్మార్కు గణితవేత్త ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ (1878-1929) పేరును దీనికి పెట్టారు.

సమస్య

ఒక బ్యాంకు ఖాతాలో 1,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. రెండు థ్రెడ్లు ఒకేసారి నిల్వను చదివి, చెరొక 700 రూపాయలు చెల్లించి, మిగిలినది 300 అని వ్రాస్తే, 1,400 రూపాయలు బయటికి పోయినా లెక్కలో 300 ఉన్నట్లే కనిపిస్తుంది. దీనిని నివారించటానికి జావా వంటి భాషలలో జ్ఞాపకశక్తిలోని ఆ భాగానికి "తాళం" వేస్తారు. అయితే రెండు థ్రెడ్లు ఒకదాని తాళం కోసం మరొకటి ఎదురుచూస్తూ శాశ్వతంగా నిలిచిపోవచ్చు. ఇటువంటి దోషాలు పరీక్షలలో తేలికగా దొరకవు.

ఎర్లాంగ్ విధానం

ఎర్లాంగ్‌లో పనులన్నీ "ప్రాసెస్"లుగా విభజించబడతాయి. ఇవి ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌లు కావు. భాష యొక్క వర్చువల్ మెషీన్ నడిపేవి. ఒక్కొక్కటి కొద్ది కిలోబైట్లతోనే మొదలవుతుంది కనుక ఒకే యంత్రంపై లక్షలాది నడపవచ్చు. ఒక ప్రాసెస్ చరరాశులను మరొకటి తాకలేదు. సందేశం మాత్రమే పంపగలదు. పై ఉదాహరణలో ఖాతాకు ఒక ప్రాసెస్ ఉంటుంది. "700 ఇవ్వు" అన్న సందేశాలు దాని పెట్టెలో వరుసగా చేరతాయి. మొదటిదానికి సొమ్ము, రెండవదానికి తిరస్కారం లభిస్తాయి.

ఇది సర్వరోగనివారిణి కాదు. "నిల్వ ఎంత?" అని ఒక సందేశం, "300 అని వ్రాయి" అని మరొక సందేశం పంపేలా ప్రోగ్రామును వ్రాస్తే పాత దోషమే తిరిగి వస్తుంది.

వైఫల్యాలు

ఎర్లాంగ్ ప్రత్యేకత ప్రధానంగా ఇక్కడే ఉంది. ఊహించని తప్పు ఎదురైతే ఆ ప్రాసెస్‌ను ఆగిపోనివ్వటమే మేలని దీని నిర్మాతల అభిప్రాయం. దానిని కనిపెట్టుకొని ఉండే "సూపర్‌వైజర్" ప్రాసెస్ వెంటనే కొత్తదానిని ప్రారంభిస్తుంది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఒక కాల్ తెగిపోయినా మిగిలినవి కొనసాగాలి కదా! అయితే ఆగిన ప్రాసెస్‌తో పాటు దాని సమాచారం కూడా పోతుంది. ఖాతా నిల్వ వంటివాటిని వేరేచోట భద్రపరచటం తప్పనిసరి.

వేరే కంప్యూటరుపై ఉన్న ప్రాసెస్‌కు కూడా ఇదే విధంగా సందేశం పంపవచ్చు. కానీ జవాబు రాకపోతే, అవతలి యంత్రం ఆగిందా, తీగ తెగిందా, ఆలస్యమైందా అన్నది తెలియదు. సొమ్ము చెల్లించబడి జవాబు మాత్రమే పోయి ఉంటే, సందేశాన్ని మళ్ళీ పంపటం వలన రెండుసార్లు చెల్లింపు జరుగుతుంది. అందువలన ప్రతి కోరికకు ఒక సంఖ్య కేటాయించి, అదే సంఖ్య మళ్ళీ వస్తే గుర్తించవలసిన బాధ్యత ప్రోగ్రామరుదే.

వాడుక

ఎరిక్సన్ వారి ఏఎక్స్‌డీ301 స్విచ్ కొరకు పది లక్షలకు పైగా వరుసల ఎర్లాంగ్ ప్రోగ్రాము వ్రాయబడింది. విచిత్రమేమంటే 1998లోనే ఎరిక్సన్ రేడియో సిస్టమ్స్ విభాగం తన కొత్త ఉత్పత్తులలో ఈ భాషను నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో దీని మూలాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేసారు. తరువాతి కాలంలో రాబిట్‌ఎంక్యూ, వాట్సప్ సర్వర్లు దీనిలో నిర్మించబడ్డాయి. జోసె వాలిం రూపొందించిన ఎలిక్సిర్ భాష కూడా ఇదే వర్చువల్ మెషీన్‌పై నడుస్తుంది.